వాగులో కడిగిన బూట్లు

ఇలా దగ్గరికి జరగండి, నా గొంతు దూరం పోదు. కోపంలో పుట్టిన ప్రేమ ఒకటి చెబుతాను.

స్నిగ్ధది కరీంనగర్. జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో చదువుకుంటూ, కొండల్లోని అడవిలో సాలమండర్లను వెతికేది. సాలమండరంటే చూడ్డానికి బల్లే గాని, నిజానికి కప్పకు చుట్టం. నల్లటి ఒంటి మీద పసుపు అద్దినట్టు మచ్చలుంటాయి. ఏ రెండింటికీ మచ్చలు ఒకేలా ఉండవు. వాటి ఫొటోల మీదే ఆ పిల్ల రెండేళ్లుగా థీసిస్ చేస్తోంది.

అడవికి ఒంటరిగా పోకూడదని రూలు. ఒకరోజు తోడు రావాల్సిన స్నేహితురాలికి జ్వరం వచ్చింది. వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే జితేంద్ర, కాకినాడ కుర్రాడు, కారేసుకుని వస్తానన్నాడు. ఉగాది పార్టీలో చూసినప్పటి నుంచీ ఎప్పుడు పిలుస్తుందా అని కాచుకున్నవాడే.

వాన తుంపర పడుతోంది. స్నిగ్ధ డిక్కీలోంచి సామాను దింపుతోంది. ఇతగాడు బూట్ల వంక చూసుకున్నాడు. పోయిన ఆదివారం ఐఫెల్ కొండల్లో తిరిగిన బురద అలాగే ఉంది. మంచి చోటికి మురికి కాళ్లతో పోతామా, మన ఇళ్లలో నేర్పిన బుద్ధి కదా, వాగులోకి దిగి శుభ్రంగా రుద్ది కడిగేశాడు.

క్రిములు చావడానికి ముందే బూట్ల మీద కొట్టాల్సిన మందు చేత పట్టుకుని స్నిగ్ధ వాగు గట్టుకు పరుగెత్తుకొచ్చింది.

"ఎవలు కడగమన్నరు నిన్ను?"

"మురికి కదండీ."

"ఐఫెల్‌ల సాలమండర్లను తినే ఫంగస్ ఉన్నది. ఆ బురదల అది ఉంటే ఈ వాగుల ఒక్కటి బతకది. తెల్సా నీకు?"

అతని చదువును తిట్టింది, కారును తిట్టింది, కాకినాడను కూడా వదల్లేదు. ఆఖరికి, ఇది ఎవరికీ చెప్పొద్దంది. తెలిస్తే లోయ మూసేస్తారు, థీసిస్ ఆగిపోతుంది.

కారు అద్దం దగ్గర పెట్టిన అనుమతి కాగితం మీద ప్రొఫెసర్ నంబరుంది. జితేంద్ర ఆమె ఎదుటే ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పేశాడు.

"నా మీద కోపం ఉండనివ్వండి. అవి చచ్చిపోతే మీ మీద మీకే కోపమొస్తుంది. అది ఎప్పటికీ పోదండీ."

ఆ మాట నిజం కావడంతో ఆమెకు ఇంకా మండింది. బూట్లు సంచిలో కట్టించి, సాక్సులతోనే కారు నడిపించింది.

బూట్ల సందుల్లో మిగిలిన బురద ల్యాబ్‌కు పోయింది. మూడు వారాలు లోయ మూశారు. ఆమెకు నిద్ర లేదు. కోపం తగ్గలేదు గాని, అది ఎవరి మీదో తేలలేదు. ఫంగస్ లేదని కబురొచ్చిన రోజే రైలెక్కి, అతని ఆఫీసు గేటు ముందు నిలబడింది.

"వాగుల ఏం లేదు. దాచిపెడదామన్నది నేను. అందుకే నా మీద నాకు మండుతున్నది. అడవికి పోయే కొత్త అనుమతి ఫారంల తోడొచ్చే రెండో మనిషి పేరు రాయాలె, మూడేండ్లకు. నీది రాసిన. నిన్ను అడగలె."

"మూడేళ్ల తర్వాతండీ?"

"అప్పటికి ఇంకో ఫారం ఉంటది. స్టాండెసామ్ట్‌ల."

అది అక్కడ పెళ్లిళ్లు రాసే ఆఫీసు. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇప్పటి నుంచే చూడాలని కూడా కోపంగానే అంది.

గుర్తు పెట్టుకుని మీవాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు ఆ పిల్ల కోపం మాత్రం తగ్గించకండి, తగ్గిస్తే కథే మిగలదు.