చుక్కి కూర్చున్న ఇల్లు

గురువారం పొద్దున్నే నిహారిక ఒక చేత్తో ఉప్మా కలుపుతూ, ఇంకో చేత్తో నోటుబుక్కులో మార్కులు వేస్తోంది. రెండు పనులు ఒకేసారి చేస్తే ఏదో ఒకటి మాడక తప్పదు. మాడింది ఉప్మానే. అయినా పెళ్ళయి నాలుగు నెలలే కాబట్టి ఆ ఇంట్లో మాడిన ఉప్మాకు కూడా మర్యాద ఉంది.

"మస్తున్నది నిహా. పొగ వాసన గమ్మత్తుగ తగుల్తాంది," అన్నాడు పరశురాములు గిన్నె గీకుతూ. అతను కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. ఇవాళ సెలవు పెట్టాడు, ఇల్లు కొనడానికి.

మహబూబ్‌నగర్‌లో వాళ్ళుంటున్నది రెండు గదుల కిరాయి ఇల్లు. బీరువా తలుపు తీయాలంటే వంటింటి తలుపు మూయాలి. నిహారికకు అదీ ముద్దుగానే ఉంది గానీ, సొంతిల్లంటే వేరే కదా! పక్కనే మంచి బడి ఉండాలి, ధర తమకు అందేట్టు ఉండాలి. అందుకే రెండు నెలలుగా ఊరి చివరి కాలనీలన్నీ స్కూటీ మీద చుట్టబెట్టింది. బడికి పది మార్కులు, నీళ్ళకు పది, గాలికి పది, ధరకు పది. చూడగానే గుండె జల్లుమన్నందుకు ఇంకో పది.

"బడికి గిన్ని మార్కులేస్తున్నవ్ సరే, బడికి పోయేటోడేడి?" అన్నాడు పరశురాములు.

"వస్తడు. లేకుంటే వస్తది. వచ్చినంక ఎతుక్కుంటే సీట్లు దొరుకుతయా?"

బైపాసు దగ్గరున్న దశరథం గారి ఇంటికి నలభై ఆరొచ్చాయి. దానికి నీలం రంగు బాల్కనీ ఉంది. ఆ వీధి చివరే అద్దాలతో ధగధగలాడే పెద్ద బడి. రైల్వే గేటు అవతలి ఇంటికి ముప్పై ఒకటి. అది చవకే గానీ బాల్కనీ లేదు, పక్కనున్నది సర్కారు బడి. గుండె జల్లుమన్నందుకు రెండే మార్కులు, అవి కూడా వాకిట్లో వేపచెట్టుకు. ఇంకేం ఆలోచించాలి? సాయంత్రం దశరథం గారికి బయానా ఇస్తే నీలం బాల్కనీ తనదే. అక్కడ నిలబడి టీ తాగడం నిహారిక మనసులో ఇప్పటికే నలభైసార్లు అయిపోయింది.

అప్పుడే బయట ట్రాలీ ఆటో ఆగింది. ముందు అత్త గోపమ్మ దిగింది. వెనక నుంచి గొంగడి భుజాన వేసుకుని మామ ఐలేశం దిగాడు. ఆ వెనక, ముఖం మీద నల్లచుక్కలున్న ఒక గొర్రె దిగింది.

"చుక్కిని ఎందుకు తెచ్చినవ్ నాయినా?" పరశురాములు కంగారుపడ్డాడు.

"జాగ చూడొద్దా మరి?"

"మనం చూస్తం గద!"

"మనం గోడలు చూస్తం బిడ్డా. ఇది జాగ చూస్తది. ఇది కూసున్న కాడ మనిషి ఉండొచ్చు."

గోపమ్మ నిట్టూర్చింది. "నన్ను చూడొచ్చిననాడు గూడ గిట్లనే గొర్రెను తోల్కొచ్చి మా వాకిట్ల ఇడిసిండు. ముదనష్టపుది కూసున్నది. నా బతుకు గిట్లయింది."

అందరూ బైపాసు ఇంటికి చేరేసరికి దశరథం ఇస్త్రీ చొక్కాలో గేటు దగ్గరే ఎదురొచ్చాడు. చుక్కిని చూసి నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

"ఇది... మీతోనే వచ్చిందా?"

"ఆఁ, ఇంటి మనిషే," అన్నాడు ఐలేశం.

నిహారికకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చుక్కి వాకిలంతా వాసన చూసింది. గేటు దగ్గర మందార మొగ్గలు నాలుగు నమిలింది. నేలను కాలితో రెండుసార్లు తట్టింది. ఇటు తిరిగింది, అటు తిరిగింది. అరగంటైనా కూర్చోలేదు.

"కుంట పూడ్చిన జాగ బిడ్డా. కింద తేమ ఉన్నది. గొర్రె తడి మీద కూసోదు," అన్నాడు ఐలేశం.

"కుంటా లేదు, గింటా లేదు పెద్దాయనా! ఇంత మంచి బడి పక్కన ఇల్లు మళ్ళ దొరకదు. సాయంత్రం ఇంకో పార్టీ వస్తున్నరు," అన్నాడు దశరథం.

ఇంకో పార్టీ అనగానే నీలం బాల్కనీ చేజారిపోతున్నట్టు అనిపించింది నిహారికకు. ఆ కంగారులో నోరు జారింది.

"మామా, ఇంట్ల ఉండేది మేము, గొర్రె కాదు! రెండు నెల్లసంది తిరిగి చూసిన. అయినా బడి గురించి మీకేం తెలుసని?"

అన్నాక గానీ ఆ మాట ఎంత పెద్దదో ఆమెకే వినపడలేదు. ఐలేశం గొంగడి సర్దుకున్నాడు.

"నిజమే బిడ్డా. నాకేం తెలుసు," అని చుక్కిని తోలుకుని పోయి ట్రాలీ పక్కన నిలబడ్డాడు.

గోపమ్మ కోడలి మీద గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. ఆమె అరవలేదు. మెట్టు మీద కూర్చుని మెల్లగా చెప్పింది.

"వీడు చిన్నగున్నప్పుడు, పంటలు కోసినంక మందను తోల్కొని కృష్ణ దిక్కు పోతుంటిమి. మా చేన్ల మంద పెట్టు, ఎరువైతది, వడ్లిస్తమని రైతులు పిలుస్తుండిరి. మీ మామ వడ్లెక్కువ ఇచ్చేటోని దిక్కు పోకపోతుండె. బడి దగ్గరున్న చేనే ఒప్పుకుంటుండె. ముందుగాల పోయి బడి గోడకు ఆనుకొని కూసుంటుండె. లోపల సప్పుడే లేకుంటే పిల్లలు భయపడ్డట్టు. మరీ ఎక్కువుంటే సారు రానట్టు. సారు మాట, ఎనకనే పిల్లల నవ్వు వినొస్తే, గా చేన్ల మంద దిగేది. ఐదు తరగతులు తొమ్మిది బళ్ళల్ల సదివిండు నీ మొగడు."

పరశురాములు వచ్చి తల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"గడ్డి కోసం తిరిగినమనుకున్న అమ్మా."

"గడ్డి యాడ లేదురా? గడ్డి అంతట ఉన్నది."

నిహారిక చేతిలో నోటుబుక్కు బరువెక్కింది. అద్దాల బడికి తను పదికి పది ఎందుకు వేసింది? గుర్తుకొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. తను చూడటానికి వచ్చింది ఆదివారం. గేటుకు తాళం. ఆ అద్దాల్లో తన జడ చాలా బాగా కనిపించింది. అంతే.

పక్కింటి గోడ మీదుగా ఒక పెద్దావిడ చుక్కిని మురిపెంగా చూస్తోంది. పేరడిగితే ఇక్బాల్ బీ అని చెప్పింది.

"అమ్మా, వానకాలం ఇక్కడ ఎట్లుంటది?" అడిగింది నిహారిక.

"మంచిగుంటది బేటా, ఫికర్ లేదు. కప్పలు వస్తయ్, గంతే. మంచాలకు ఇటుకలు వెట్టుకున్నం. పోయినేడు మా బియ్యం డబ్బా తేలుకుంట ఈ వాకిట్లకే వచ్చింది. దశరథం సాబే తెచ్చిచ్చిండు, చాలా మంచోడు."

దశరథం ఆకాశంలో ఏదో వెతుక్కున్నాడు.

నిహారిక గబగబా ట్రాలీ దగ్గరికి వెళ్ళింది. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంది. తీరా నోటికొచ్చింది వేరే.

"మామా, రైల్వే గేటు అవతల ఇంకో ఇల్లున్నది. అక్కడి బడికి మార్కులు మళ్ళ వెయ్యాలె. గోడకు ఆనుకొని ఎట్ల కూసోవాల్నో నాకు తెల్వదు. మీరు నేర్పాలె."

ఐలేశం ఆమె ముఖంలోకి చూశాడు. మీసం కింద ఏదో కదిలింది.

"నోరు మూసుకొని కూసోవాలె. గంతే బిడ్డా."

గోపమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సర్కారు బడి గోడ పక్కన నలుగురూ వరసగా కూర్చున్నారు. చివర్లో చుక్కి. లోపల ఒక టీచరమ్మ గొంతు.

"ఏడెనిమిదులెంత?"

"యాభై నాలుగు టీచర్!"

"మిగిలిన రెండు ఎవరు తిన్నర్రా?"

పిల్లలు గొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్య నుంచి ఒక సన్నటి గొంతు, "యాభై ఆరు!" అంది. ఐలేశం కళ్ళు మూసుకుని వేలు పైకెత్తాడు.

"దింపుండ్రి మందను."

వేపచెట్టు వాకిట్లో చుక్కి నేల వాసన చూసింది. మూడు చుట్లు తిరిగింది. ముందుకాళ్ళు మడిచి, సరిగ్గా గడపకు అడ్డంగా కూలబడి నెమరు మొదలుపెట్టింది. ఇల్లుగలాయన లోపలి నుంచి బయటికి రాలేక, "ఓ పెద్దాయనా, జర దాన్ని జరుపు!" అని అరుస్తున్నాడు.

"అది జరగదు. ఇగ మేము గూడ జరగం," అన్నాడు ఐలేశం.

"మామా, మందల అన్ని గొర్రెలుండంగ దీన్నే ఎందుకు తెచ్చిండ్రు?"

"ఇది సూడిది బిడ్డా. కడుపుల పిల్లున్నది. సూడిగొర్రె దాని కోసం జాగ చూసుకోదు. వచ్చేదాని కోసం చూస్తది."

నిహారిక చేతిలోని నోటుబుక్కు వంక చూసుకుంది. ఇంకా రానివాళ్ళ కోసం రెండు నెలలు స్కూటీ మీద తిరిగింది తను కూడా కదా! గోపమ్మ చూపు మెల్లగా కోడలి కడుపు మీదికి దిగింది.

"ఏందే పిల్లా, అంటే నువ్వు గూడ..."

"లేదత్తమ్మా! ఒట్టు! ఇంకా ఏం లేదు!"

పరశురాములు నవ్వి నవ్వి వేపచెట్టు పట్టుకున్నాడు. నవ్వు ఆగాక వెళ్ళి గడప దగ్గర తండ్రి పక్కన కూర్చున్నాడు. "తొమ్మిది బళ్ళా నాయినా?" అన్నాడు మెల్లగా. ఐలేశం కొడుకు చొక్కా మీద వేపాకు తీసిపారేశాడు.

నిహారిక నోటుబుక్కు తెరిచింది. బడి గడిలో నాలుగు కొట్టేసి పది వేసింది. గుండె జల్లుమన్న గడిలో రెండు ఉంది. దాన్నీ కొట్టేసి, గడప దగ్గరి తండ్రినీ, కొడుకునీ, చుక్కినీ ఇంకోసారి చూసింది.

పదికి పదకొండు వేసింది.