రెండో అంతస్తు గజ్జెలు

విశాఖలో ఆ వీధి చివరి మేడ రెండో అంతస్తుకి చెడ్డపేరుంది. రాత్రి తొమ్మిది దాటితే మెట్ల మీద గజ్జెలు మోగుతాయట... అద్దెకి దిగినవాళ్లు వారం నిలవరట. ఈ మాట శాంతికుమార్‌కి చెప్పింది ఆ మేడ యజమానురాలు నారాయణమ్మే.

ఆమదాలవలస నుంచి ఇల్లు వెతుక్కోడానికి వచ్చిన అతనికి అప్పటికే ఊరంటే రోత పుట్టింది. భార్య మెర్సీ నర్సు. ఒకటో తారీకుకల్లా ఇక్కడి ఆసుపత్రిలో చేరాలి, చంకలో చంటిపిల్లతో సహా. చూసిన మొదటి ఇంట్లో వంటగదిని ఆనుకునే మురుగు. రెండోదాంట్లో గోడలు ముట్టుకుంటే బూజు చేతికంటుకుంది. ఈ మేడొక్కటే మనుషులుండేలా ఉంది — నీళ్లున్నాయి, గాలుంది, ఆసుపత్రికి నడిచిపోవచ్చు. నైట్ డ్యూటీ చేసొచ్చే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

నారాయణమ్మ కాఫీ ఇచ్చింది. నవ్వుతూ ఇల్లంతా చూపించింది. ఎంత మర్యాదస్తురాలో! మొగుడూపెళ్లాల పేర్లు రాసుకున్నాకే — గొంతు తగ్గించి — గజ్జెల సంగతి చెప్పింది.

"ఒక్క రాత్రి పడుకుని సూస్తానమ్మా," అన్నాడు శాంతికుమార్.

"మీ ఇష్టం బాబూ. నా పూచీ లేదు," అని తాళం చేతికిచ్చి పై అంతస్తుకి వెళ్లిపోయింది.

రాత్రి చాప పరిచి లైటార్పాడు. తొమ్మిదిన్నర... ఏమీ లేదు. పది...

ఘల్లు.

మెట్ల మీదే. ఒక్కో మెట్టూ ఎక్కుతూ... తలుపు దగ్గరకొచ్చి ఆగింది.

కళ్లు గట్టిగా మూసుకుని, చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్న ప్రార్థన పైకే మొదలుపెట్టాడు. సగంలో నాలుక మడతపడింది. తర్వాతి మాట ఎంతకీ గుర్తురాలేదు...

తలుపవతల నుంచి ఎవరో ఆ మాట అందించారు. సన్నగా... గుసగుసగా.

లేచి గడియ తీశాడు.

మెట్టు మీద వాచ్‌మన్ జోగయ్య కూచుని ఉన్నాడు. బొబ్బిలి వైపు ముసలాయన. పొద్దున గేటు తీసింది ఆయనే. చేతిలో గజ్జెలు.

"ఏటి తాతా ఇది?"

"మెల్లగా బాబూ... మీ ఆడమనిషి పేరు ఇన్నాక అమ్మగారు సెప్పింది. మనోళ్లొస్తే ఇల్లివ్వనని మొకం మీద అనదు. ఇలాగ మోగించమంటాది."

"మనోళ్లేటి?"

"నా పేరు ఆదాము. జోగయ్యనని సెప్పుకుని తొమ్మిదేళ్లయ్యింది బాబూ. లేపోతే ఆ మెట్ల కింద గదైనా ఇవ్వదు."

శాంతికుమార్‌కి పొద్దున తాగిన కాఫీ తలుచుకుంటేనే అసహ్యం వేసింది. ఆ మురుగు పక్క ఇల్లే నయం, దాని కంపు అది దాచుకోలేదు. పైకెళ్లి దులిపేద్దామనుకున్నాడు. కానీ తను నోరెత్తితే రోడ్డున పడేది ఈ ముసలాయన. చాప చుట్టుకున్నాడు.

"ఎల్లు బాబూ. మళ్లీ మోగించాల," అన్నాడు ఆదాము కళ్లు తుడుచుకుంటూ. "అమ్మగారు పైనుంచి ఇంటంటాది."

గేటు దాటుతుంటే బాల్కనీలోంచి నారాయణమ్మ వంగి చూసింది.

"అయ్యో... కనబడిందా బాబూ?" గొంతు నిండా జాలి.

"కనబడిందమ్మా," అన్నాడు శాంతికుమార్, ఆమె మొహంలోకే చూస్తూ.

వెనక, చీకటి మెట్ల మీద, గజ్జెలు మోగాయి.