శుక్రవారం తేరుకున్న మనిషి

గ్రేస్ పరుగున మెట్లెక్కి వచ్చింది. డిటెక్టివ్ కరుణాకర్ కుర్చీ చూపాడు. సహాయకురాలు అలేఖ్య నీళ్లిచ్చింది.

"సారూ, మాది నస్పూర్. బొగ్గుబాయిల పనిచేసే సీమోనన్నను గొడ్డలితోని చంపిండని నా పెనిమిటి బెంజమిన్‌ను పట్టుకపోయిండ్రు. చంపినోన్ని ఆయన చూసిండట. పేరు జడ్జి ముంగటనే చెప్తనన్నడు. నాకు చెప్తే తట్టుకోలేనట. గిప్పుడేమో దవాఖానల మతి పరీక్ష చేస్తుండ్రు. రేపు డాక్టర్ పిచ్చోడని రాస్తే ఆయన మాట ఎవలింటరు?"

కరుణాకర్ వెంటనే లేచాడు.

వార్డులో బెంజమిన్ గాలిలోంచి ఏవో ఏరుతున్నాడు. మొహం ఎర్రగా కమిలింది, పెదవులు ఎండిపోయాయి. కిటికీ వెలుతురు మీద పడుతున్నా కంటిపాపలు పెద్దవిగానే ఉన్నాయి.

"రోజూ గిదే లొల్లి సార్," అన్నాడు కాపలా కానిస్టేబుల్ హనుమండ్లు. "గ్రేసక్క తెచ్చే బువ్వ మాత్రం మస్తుంటది. నాకూ ఇంత పెడ్తది."

"నీకేం కాలేదా?"

"ఎందుకు కాలే సార్? లావైన."

డాక్టర్ కాగితాలు తిరగేశాడు. "నాలుగుసార్లు మాట్లాడిన. మూడుసార్లు ఇట్లనే ఉన్నడు. మొన్న శుక్రవారం పొద్దున మాత్రం తేటగా జవాబులిచ్చిండు. పిచ్చో, నటనో తేలుతలేదు."

కరుణాకర్ గ్రేస్ వైపు తిరిగాడు. "శుక్రవారం ఏం పెట్టినవమ్మా?"

"ఏం పెట్టలే సారూ. ఈస్టర్ ముంగటి శ్రమల దినాలు గదా, శుక్రారం పొద్దుగూకేదాకా ఆయన నీళ్లు గూడ ముట్టడు."

"నువ్వు గాక ఇంకెవలొస్తరు?"

"మా తమ్ముడు ప్రేమ్‌చంద్. రోజూ ప్రార్థన చేసి, ఇంత షర్బత్ తాపిచ్చి పోతడు."

కరుణాకర్ హనుమండ్లు చెవిలో ఏదో చెప్పాడు.

మర్నాడు మంగళవారం. డాక్టర్ గదిలో అందరూ కూర్చున్నారు. ప్రేమ్‌చంద్ చేతిలో షర్బత్ సీసా ఉంది. బెంజమిన్ తలవంచుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కుదురుగా కూర్చున్నాడు.

"బువ్వల విషం లేదు, హనుమండ్లే సాక్షి," అన్నాడు కరుణాకర్. "శుక్రవారం బెంజమిన్ షర్బత్ ముట్టలే, మతి తేటగుంది. నిన్న మాపటి నుంచి నేనే తాగనియ్యలే, చూడుండ్రి, మళ్ల తేరుకున్నడు. ఉమ్మెత్త గింజలు నూరి కలిపితే పాపలు విప్పారుతయి, నోరు ఎండుతది, మనిషి గాలిల ఏరుకుంటడు. ప్రేమ్‌చందూ, నిన్న బాయి ఆఫీసుల నీ కాగితాలు తీయించి చూసిన. నువ్వు దొంగ కాగితాలతోని బొగ్గుబాయిల కొలువు సంపాయించినవ్. సీమోనుకు తెలిసింది. చంపినవ్. మీ బావ చూసిండు. గాయనను చంపితే అనుమానమొస్తది. పిచ్చోన్ని చేస్తే చాలు."

"అబద్ధం!"

"అయితే గా షర్బత్ ఒక్క గుక్క తాగు."

ప్రేమ్‌చంద్ సీసాను ఒళ్లో దాచుకున్నాడు. "నేను... ఇయ్యాల ఉపాసమున్న."

గ్రేస్ మెల్లగా లేచింది. "తమ్మీ, ఇయ్యాల మంగళారం. శుక్రారం గూడ నువ్వెన్నడు ఉపాసమున్నవ్‌ రా?"

హనుమండ్లు వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. డాక్టర్ రాయని కాగితం మీద కలం మూసి పెట్టాడు. అలేఖ్య చూపు ప్రేమ్‌చంద్ చేతుల మీద పడింది. రోజూ ప్రార్థనకు జోడించిన ఆ చేతులు ఇప్పుడు కూడా వణకడం లేదు.

బెంజమిన్ తలెత్తి భార్యను చూశాడు.

"గందుకే నీకు చెప్పలే, గ్రేసూ."