ముడుపు కట్టిన పాడు

సముద్రం మీద ఎండ ఇంకా నిలదొక్కుకోలేదు. మొగలికుప్పంలోని రాజారత్నం ఇంట్లో కోడలు మోహన పూజగూడు తుడుస్తూ, వేంకటేశ్వరస్వామి పటం వెనుక వేలాడుతున్న పసుపుగుడ్డ మూటను పక్కకు జరపబోయింది.

"దాని జోలికి పోవద్దమ్మా!" పొయ్యి దగ్గరినుంచే అత్తగారు కుప్పమ్మ కేక వేసింది. "అది ముడుపు. మన పాడు వచ్చినప్పుడు నేనే ఇప్పి కొండకు పట్టుకపోతా."

"మన పాడు ఈ యేడే గదత్తా," అని మోహన వెంటనే నాలుక కరచుకున్నది. వారం దినాలుగా ఆ యింట ఎవరూ పలకడానికి సాహసించని మాట అది.

తీరానికి కొంత దూరాన, నీటి అడుగున, దేవరాళ్లనే రాళ్లగుంపు ఉన్నది. చేపలు గుడ్లు పెట్టేదీ, వాటి పిల్లలు తలదాచుకొనేదీ అక్కడే. అక్కడ వల వేసే హక్కు ఊరిలోని పద్నాలుగు ఇళ్లకు ఏడాదికొక ఇంటి చొప్పున తిరుగుతుంది. ఆ వంతునే పాడు అంటారు. పద్నాలుగేళ్లకొకసారి వచ్చే ఆ పాడు ఈసారి రాజారత్నం ఇంటిది.

ఆ దేవరాళ్లను ఎవరూ వల వేయని చోటుగా విడిచిపెట్టాలని మోహన రెండేళ్లుగా ఊరిని వేడుకొంటున్నది. ఆమె పుట్టినది బంగారుపాళ్యం మామిడితోపుల్లో. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో భానుచందర్‌ను మెచ్చి పెండ్లాడి, అతనితో ఈ తీరానికి వచ్చింది. ఆమె పెట్టిన మొదటి సమావేశానికి నలుగురు వచ్చారు. అందులో ముగ్గురు నీడ కోసం వచ్చినవారే. ఆమె నొచ్చుకోలేదు. సూళ్లూరుపేటకు చేపలు అమ్మడానికి పోయే ఆడవాళ్లతో బస్సెక్కి, గంప ఎత్తేచోటా దించేచోటా అదే మాట చెప్పింది. ఒకప్పుడు ఎంతేసి చేపలు పడేవో ముసలివాళ్ల నోట చెప్పించి, వాళ్ల కొడుకులకు వినిపించింది. వాకిట్లోనుంచే పొమ్మన్నవారి గడపకు మరునాడు మళ్లీ వెళ్లింది. అంత ఓర్పుతో ఆమె ఇల్లిల్లూ తిరగడం చూసినవారికి అది ప్రదక్షిణమే అనిపించేది.

చివరకు పదమూడు ఇళ్లవారు సంతకాలు పెట్టారు. ఊరంతా ఒప్పుకొంటే రక్షిత ప్రాంతంగా ప్రకటించమని పైకి రాస్తామని అధికారులు మాట ఇచ్చారు. మిగిలినది పద్నాలుగో ఇల్లు. అది ఆమె మెట్టినిల్లే. ఊరిపెద్ద కూడా అయిన రాజారత్నం ఆ కాగితాన్ని చూరులో దోపి సంతకం వాయిదా వేస్తున్నాడు. ఆ సాయంకాలమే ఊరి పంచాయతీ.

భానుచందర్ వల భుజాన వేసుకొని లోపలికి వచ్చాడు.

"నాయనా, ఆ కాగితం చింపేయ్."

"కూర్చోప్పా. ముందు కడుపుకింత తిను," అన్నాడు రాజారత్నం.

"కూడెట్లా దిగుతాది? పదమూడిండ్లోళ్లూ తమ పాడు తినేసి మూతి తుడుసుకున్నారు. మన వంతొచ్చేసరికి అందురికీ సముద్రం మీద ప్రేమ పుట్టింది. దానికి ముందర నడిసేది నా పెండ్లామే! మామిడితోపులో పుట్టినదానికి సముద్రం సంగతేం తెలుసు?"

"తోపు సంగతి తెలుసు గదా," మోహన చీపురు పక్కన పెట్టింది. "పూత మీదుండే కొమ్మ నరికి కాయలేరుకునేవాళ్లను నేను యాడా సూడలే. పోయినేడు చిన్నబ్బ మామ పాడులో ఏం పడింది? తట్ట కూడా నిండలేదని నువ్వే గదా నవ్వినావు!"

"అది ఆయన వల బాగలేక."

"వల బాగుంటే లేని చేప పుట్టుకొస్తాదా?"

రాజారత్నం పెదవులపై నవ్వు మెదిలింది గాని, కొడుకు ముఖం చూసి దాన్ని దిగమింగాడు. భానుచందర్ కళ్లలో నీళ్లున్నాయి.

"పదిహేడేండ్లప్పుడు నీ పక్కన కూర్చోని ఆ రాళ్లకాడ వల లాగినా నాయనా. పడవ అంచుకాడికి నీళ్లొచ్చేంత బరువు! నా పాడు వచ్చినప్పుడు నా చేత్తో ఒక్కసారి అట్లా లాగాలని పద్నాలుగేండ్లు కాసుకోనుండా. సంతకం పెడితే రేపే శ్రీ సిటీ బస్సెక్కుతా. పడవ ఎవురన్నా తోలుకోండి."

మోహన ముఖం వాడిపోయింది. ఆమె చూరులోని కాగితాన్ని తీసింది. "నిన్ను ఇంట్లోనుంచి ఎళ్లగొట్టి నేను చేపలకు ఇల్లు కట్టలేను. నేనే చింపుతా," అన్నది. రెండేళ్ల శ్రమను చింపడానికి రెండు చేతులా పట్టుకున్నది.

"చింపొద్దు!"

ఆ కేక కుప్పమ్మది. ఆమె పటం వెనుకనుంచి ముడుపు తీసి భర్త ముందు పెట్టింది.

"పోయిన పాడు అయిన మరుసటేడు తుఫానులో వీడు మూడుదినాలు కనపడలేదే, ఆ పొద్దు కట్టినా. పాడు వచ్చినాక తొలిదినం పడినవమ్మి ఆ దుడ్డు హుండీలో ఏస్తానని మొక్కినా. ఇన్నేండ్లుగా నాకు నేను అట్లనే చెప్పుకుంటా ఉండా."

"మరి నువ్వు మొక్కింది అది కాదా?"

"కాదు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "'సామీ, నా బిడ్డ ఒడ్డుకొస్తే మా పాడు నీకే' అన్నా. తొలిదినమని అనలే. పాడు మొత్తం అన్నా. బిడ్డ దక్కినాక ఆశ పుట్టింది. మొక్కును నేనే కురచ చేసుకున్నా."

రాజారత్నం మూట విప్పాడు. లోపల ఒక రూపాయి బిళ్ల, అరచేతి వెడల్పున వలముక్క.

"ఆ మూడుదినాల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చింది అదొక్కటే," అన్నది కుప్పమ్మ.

భానుచందర్ ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ముడి ఒకటి వంకరగా ఉన్నది. "ఇది నేనేసిందే. అప్పుటికి నాకు ముడి సరిగ్గా రాదు," అన్నాడు తనలో తాను. తలెత్తి, "అయినా సామికి పాడు ఎట్లా ఇస్తాం నాయనా? చేపలు కొండకు పట్టుకపోతామా?" అని అడిగాడు.

"లోకాన్ని కాపాడేదానికి ఆయన మొట్టమొదట ఎత్తిన రూపమేందిరా?"

"చేప."

"చేపైనవాడికి చేపను నైవేద్యం పెడతామా? ఆయన ఇల్లు ఆయనకు వదిలితే సాలు. ఆ మాటే నీ పెండ్లాం రెండేండ్లుగా ఊరంతా చెప్తా ఉండాది. మొక్కినోళ్లం మనం. ఆ మొక్కు తీర్చేదానికి తిరిగింది మాత్రం ఆ బిడ్డ."

బయట అల ఒకటి విరిగి, మరొకటి లేచింది. భానుచందర్ ఆ వలముక్కను కళ్లకు అద్దుకున్నాడు. తల్లి పాదాలు తాకాడు. తరువాత భార్య వైపు చేయి చాచాడు.

"మామిడితోపుదానా, పెన్ను యాడుండాది? పాడు నాది. మనింట్లో మొదటి సంతకం నేనే పెట్టాల."

మోహన ఏడుస్తూనే నవ్వింది.

పంచాయతీలో ఊరంతా ఒప్పుకున్న నాలుగు దినాల తరువాత, సముద్రం తేరిన ఒక ఉదయం, అతను ఆమెను పడవ ఎక్కించుకొని దేవరాళ్లకు తీసుకొనిపోయాడు.

"ఊరంతా చెప్పినావే, ఈ చోటు ఒక్కసారన్నా సూసినావా?"

"యాడ సూసినా? ఎవురు పిలుసుకొచ్చినారు నన్ను?"

హద్దుగా నిలిపిన వెదురుకు అతను ముడుపు కట్టిన పసుపుగుడ్డను బిగించాడు. ఇంజిన్ ఆపాడు. నిశ్శబ్దం కుదుటపడగానే పడవ పక్కన నీరు చిటపటలాడింది. వేలకొలది చేపపిల్లలు వెండిపొడిలా మెరుస్తూ పైకి వచ్చాయి.

అలవాటు కొద్దీ అతని కుడిచేయి వల కోసం వెనుకకు పోయింది. అతను ఈసారి వల తీసుకురాలేదు. ఖాళీగా తిరిగివచ్చిన ఆ చేయి ఎడమచేతిని కలుసుకున్నది. రెండు చేతులూ నమస్కారమై ఎదపై నిలిచాయి.