పామ్‌లైట్ నీలం

అపెనిసా శవం నాకోరో తీరానికి కొట్టుకొచ్చింది. సముద్రంలో మునిగి పోయాడని పోలీసులు రాసుకున్నారు. పది గోళ్ళూ నీలంగా ఉన్నాయన్న సంగతి ఎవరూ రాసుకోలేదు. తమ్ముడు సవెనాచా మాత్రం చూశాడు. పామ్‌లైట్ అద్దకం ఫ్యాక్టరీలో జీన్స్ గుడ్డకి వేసే రంగు అది.

సవెనాచా ఫిజీ గూఢచారి. రాజధాని సువాలో కమాండర్ లితియా బ్రీఫింగ్ రెండే నిమిషాలు. కోడ్ నేమ్ తాబేలు. వేషం డ్రైవరు. టార్గెట్ రైనర్ హోల్ట్, పామ్‌లైట్ మేనేజరు, విదేశీ ముఠా మనిషి. ఇప్పటికే మూడు దీవుల్లో పర్యావరణం పేరుతో పచ్చ బోర్డు పెట్టి, సముద్రాన్ని పాడుచేసి, ఆ బోర్డు తిప్పేశాడు.

"చంపొచ్చా మేడమ్?"

"వద్దు. సాక్ష్యం కావాలి."

"సరే. చంపడంకన్నా గట్టిదే ఆలోచిస్తాను."

గడ్డం తీసేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, హోల్ట్ జీపు ఎక్కాడు సవెనాచా. నాకోరో అతని సొంత ఊరు. మొదటి రోజే ఊరంతా గుర్తుపట్టింది. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఫ్యాక్టరీ గేటు మీద బోర్డు తాటికాయంత అక్షరాలతో వెలిగిపోతోంది. వాడిన నీటిని శుభ్రం చేసి మూడుసార్లు వాడతాం. బాయిలర్లో డీజిల్ బదులు కొబ్బరి డొక్కలు. కప్పు నిండా సోలార్. రంగు మడ్డి ఎండబెట్టి ఇటుకలు. ఇదంతా అక్కడ ఇంజనీరుగా చేసిన అపెనిసా రాసిచ్చిన ప్లాను. హోల్ట్ దానికి రంగు వేయించాడు, అంతే. సోలార్ పలకలకి వైర్లు లేవు. డొక్కలు ఫోటోల కోసం. నీళ్ళు మాత్రం నిజంగానే దాచిపెట్టేవాడు, యార్డు కింద దొంగ ట్యాంకులో. దాన్ని కనిపెట్టిన రోజే అపెనిసా అందులో తేలాడు, ఆ రాత్రే శవాన్ని సముద్రంలో పారేశారు. బోర్డు పచ్చన, మాట పచ్చి అబద్ధం. చివరి లైను ఒక్కటే నిజం: 'గుడ్డ చిరిగినా రంగు పోదు, గ్యారంటీ.'

శుక్రవారం సాయంత్రం అయిదుకి గ్రీన్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఇన్‌స్పెక్టర్ల పడవ వస్తోంది. ట్యాంకు అంచులదాకా నిండింది. హోల్ట్ పథకం సింపుల్. నాలుగింటికి, సముద్రం వెనక్కి తగ్గేవేళ, రిమోట్ నొక్కితే తూము తెరుచుకుంటుంది. గంటలో ట్యాంకు ఖాళీ, సాక్ష్యం ఖాళీ, తీరంలో చేపలూ ఖాళీ. రిమోట్ పనిచేయాలంటే మాత్రం యార్డు గోడ దాకా వెళ్ళాలి.

సర్టిఫికెట్‌కి ఊరి ఒప్పుదల కావాలి. ఆ మాట యంగోనా గిన్నె ముందే, అంటే వేరు దంచి కలిపే మత్తు పానీయం ముందే చెబుతానని ఊరిపెద్ద రాతూ ఇనోకే కబురు పెట్టాడు. వేరు తెచ్చేది అతిథే.

"మార్కెట్లో అన్నిటికన్నా పెద్ద కట్ట కొను. ఫోటోలో ఘనంగా కనబడాలి," అన్నాడు హోల్ట్.

సవెనాచా అయిదు కిలోల కట్ట తెచ్చాడు. నాకోరోలో చంటిపిల్లలకి కూడా తెలిసిన ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. అతిథి తెచ్చిన వేరంతా దంచి, కలిపి, తాగేదాకా అతిథి లేవకూడదు. చిన్న కట్టయితే అరగంట. ఘనంగా ఇస్తే ఘనంగా కూర్చోవాలి.

రెండింటికి మొదలైంది. రాతూ పక్కన చాప మీద హోల్ట్. ఆ పక్కన మెరెయోని. సర్టిఫికెట్ కంపెనీ ఆడిటర్, ఎర్ర లిప్‌స్టిక్, హోల్ట్ చెవిలో నవ్వే మనిషి. కొబ్బరి చిప్పలో పానీయం అందించే పని రాతూ సవెనాచాకే ఇచ్చాడు.

మూడుంపావుకి హోల్ట్ గొంతు తగ్గించి, "గిన్నె అయిపోయిందిగా?" అన్నాడు.

"అది మూడోది బాస్. మీ కట్ట ఇంకా సగం ఉంది."

రాతూ చల్లగా నవ్వాడు. "ఇంత పెద్ద మనసుతో మా ఊరికెవరూ రాలేదు దొరా. మీ ప్రేమని మిగల్చడం మాకు చేతకాదు."

నాలుగింటికి పది నిమిషాలు. హోల్ట్ నాలుక మొద్దుబారింది. లేవబోయాడు, కాళ్ళు లేవలేదు. ధీమాగా కూర్చున్నవాడికి తిమ్మిరి ఎక్కింది. పైగా గిన్నె నుంచి అతిథి దాకా పరిచిన తాడు దాటితే ఒప్పుదల పోయినట్టే. చాటుగా రిమోట్ తీసి మెరెయోని ఒళ్ళోకి జార్చాడు.

"కొబ్బరి నీళ్ళు తాగిరా."

అది తూము తెరవమనే కోడ్. ఆమె వంగి, చెప్పులు చేత్తో పట్టుకుని, పక్క గుమ్మం గుండా వెళ్ళిపోయింది.

సవెనాచా ఆమె వెంట వెళ్ళలేడు. చిప్ప చేతిలో ఉన్నవాడు కదలకూడదు. తను పన్నిన ఉచ్చులో తన కాలే ఇరుక్కుంది. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. ఒక్క నీలిచార, అంతే, అన్నయ్య రెండోసారి చచ్చిపోతాడు. మూడూ యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

నాలుగు.

నీళ్ళు కదల్లేదు.

మెరెయోని తిరిగొచ్చి కూర్చుంది. ఆచారం ప్రకారం ఒకసారి చప్పట్లు కొట్టి, చిప్ప అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగి వెనక్కిచ్చింది. చిప్ప అడుగున రిమోట్‌లోని రెండు బ్యాటరీలు.

"కోడ్ నేమ్ పీత," అంది పెదవులు కదలకుండా. "రెండేళ్ళుగా మీ మేడమ్‌కి రిపోర్టులు పంపేది నేనే. నీకు చెప్పలేదా?"

"మా మేడమ్ టైమ్ అడిగినా చెప్పదు."

అయిదింటికి మెరెయోని చూపిన చోట ఇన్‌స్పెక్టర్లు యార్డు కింది మూత ఎత్తారు. ట్యాంకు నిండుగా ఉంది. ఇనప నిచ్చెన మెట్టుకి చిక్కుకుని అపెనిసా ఐడీ కార్డు వేలాడుతోంది.

శిక్ష విషయంలో సవెనాచా కోర్టుని ఒక్కటే అడిగాడు. బోర్డు మీదున్నదంతా అక్షరం పొల్లుపోకుండా చేయించండి. హోల్ట్ చేతనే. సోలార్‌కి వైర్లొచ్చాయి. బాయిలర్లోకి డొక్కలెళ్ళాయి. నీళ్ళు మూడు తొట్లు తిరిగొచ్చాయి. జైలు నుంచి రోజూ తీసుకొచ్చి హోల్ట్‌ని ట్యాంకులో దింపేవారు, మడ్డి గీకి ఇటుకలు పోయడానికి. ప్రతి శనివారం సవెనాచా గట్టు మీద కూర్చుని బోర్డంతా పైకి చదివి వినిపించేవాడు.

ఏడాది తిరిగేసరికి తీరంలోకి చేపలొచ్చాయి. ఓ శనివారం హోల్ట్ రెండు చేతులూ చాపాడు. పది గోళ్ళూ నీలం.

"ఇదెప్పటికి పోతుంది?"

సవెనాచా బోర్డు చివరి లైను వైపు వేలు చూపించాడు.

"మా అన్నయ్యకైతే మట్టిలోకి వెళ్ళేదాకా పోలేదు. అయినా గ్యారంటీ ఇచ్చింది మీరే కదా బాస్."