దుర్గ చేసే పని

పొద్దున ఎనిమిదిన్నరకు లక్ష్మీదుర్గ కంప్యూటర్ ముందు కూర్చుందంటే గుంటూరు కొరిటెపాడులోని ఆ ఇంట్లో ఆఫీసు మొదలైనట్టే. ముందుగదిలో ఒక బల్ల, రెండు తెరలు, కిటికీ పక్కన ఇంకో కుర్చీ. అంతకుమించి ఆర్భాటమేమీ లేదు. ఏడేళ్ల క్రితం పొదిలిలో ఒక నర్సింగ్‌హోముకి వెబ్‌సైట్ చేసిపెట్టడంతో మొదలైన పని అది. ఇప్పుడు బడుల, కల్యాణమండపాల సైట్లు మొదలుకొని బెంగళూరు నగల దుకాణం సైటు దాకా ఆమె చేతి మీదుగానే నడుస్తున్నాయి. పని ఎక్కువైతే పంచుకోవడానికి సాజిదా, శ్రీరమ్య అని ఇద్దరమ్మాయిలు ఎవరిళ్లల్లో వాళ్లు కూర్చుని చేస్తారు.

ఆమె భర్త కోటేష్‌ది ఫోను పని. విత్తనాల కంపెనీ తరఫున పన్నెండేళ్లు బండి మీద ఊళ్లు తిరిగినవాడు. రెండేళ్ల క్రితం కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంటూ అతన్నీ తీసేసింది. నాలుగు నెలలు ఇంట్లో మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు. అప్పుడు దుర్గే అంది, "ఈ ఫోన్లు మాట్లాడలేక చస్తున్నానండీ. మీకు మనుషుల్తో మాట్లాడ్డం వచ్చు. అది మీరు చూడండి" అని.

చూశాడు. బాగానే చూశాడు. అతని కలుపుగోలుతనానికి కొత్త పార్టీలు వచ్చాయి. వచ్చినవాళ్లు "కోటేష్ గారూ" అనేవాళ్లు. ఆ పిలుపుతో మనిషికి మళ్లీ ప్రాణం లేచివచ్చింది. విజిటింగ్ కార్డులు వేయించాడు. వాటి మీద తన పేరొక్కటే వేయించాడు. దుర్గ చూసి ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి తప్పేమీ లేదనుకున్నాడు.

ఆ బుధవారం పొద్దున మిర్చి ఎగుమతి చేసే సిలార్ గారు ఫోన్ చేశారు. కోటేష్ వారం రోజులుగా ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. వరండాలోకి వెళ్లి ఉత్సాహంగా మాట్లాడసాగాడు.

"పదిరోజులండీ! పదకొండో రోజుకి మీ సైటు నడుస్తుంటుంది. మూడు భాషల్లో, ఆర్డర్లు తీసుకునేది కూడా అందులోనే. అబ్బే, మీకెందుకండీ, నేను చూసుకుంటాను కదా. మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుంటుంది."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి గుమ్మంలో దుర్గ నిలబడి ఉంది.

"పదిరోజులా?"

"ఎలాగోలా చేసేద్దాం దుర్గా. ఇట్లాంటి పార్టీ పోతే మళ్లీ దొరకదు."

"నలభై రోజుల పనండీ అది. ఒక్క మాట నన్నడిగితే ఏమయ్యేది?"

"ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే వ్యాపారం అవుతుందా?"

"ఎవరి వ్యాపారం?"

గొంతు పెంచకుండా అడిగింది. అందుకే కోటేష్‌కి ఎక్కువ తగిలింది.

"అదుగో, వచ్చింది! ఎప్పుడంటావా అని రెండేళ్లుగా చూస్తున్నా. నీ సంపాదన తింటున్నాననేగా?"

"ఆ మాట నేనన్నానా? మీరొచ్చాకే పని పెరిగింది, అందరికీ నేనే చెప్పుకున్నాను. కానీ 'కాస్త సాయం' అన్నారే, అది విన్నాను. మొన్న బడివాళ్లు ఫోన్ చేసి, 'సార్ చాలా బాగా చేశారు, మా మాటగా చెప్పండమ్మా' అన్నారు. మెడ పట్టేస్తే పట్టీ పెట్టుకుని నెల్రోజులు చేశాను ఆ సైటు. సరే, చెప్తానండీ అన్నాను." కళ్లు తుడుచుకుంది. "పదిరోజుల్లో నేను చెయ్యను. అరకొరగా చేసి నా పేరు పాడుచేసుకోను. ఆయనకి మీరే చెప్పుకోండి."

ముందుగదిలోకి వెళ్లి తలుపు మూసుకుంది.

వరండా చివర వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న బసవమ్మ తలెత్తింది. కోటేష్ తల్లి ఆమె. ప్రత్తిపాడు దగ్గర పల్లెలో మిరప పండించి పండించి, మోకాళ్లు అరిగాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోంది.

"ఒరే కోటేశూ, ఇట్రా."

"నువ్వూరుకోమ్మా. ఈ కంప్యూటర్ల సంగతి నీకు తెలీదు."

"తెలీదురా. మిరప సంగతి తెలుసు. కూర్చో."

కూర్చున్నాడు.

"నారు పోసింది నేను. నీళ్లు కట్టింది నేను. కూలీలను పిలిచి కోయించి, కళ్లంలో ఎండబెట్టి, తెల్లబారిన తాలుకాయలు ఏరింది నేను. మీ నాన్న బస్తాలు లారీకెత్తించుకుని మిర్చి యార్డుకి అమ్మడానికి పోయేవాడు. చీటీ మీద 'రైతు యలమందయ్య' అని రాసేవాళ్లు. ఒక ఏడు యార్డు మొత్తంలో మన కాయకే ఎక్కువ రేటు పలికింది. ఊళ్లోవాళ్లు మీ నాన్న మెడలో దండేశారు."

"గుర్తుందమ్మా."

"నేను గుంపు వెనక నిలబడి చూశా. ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. 'నీ వల్లేనే' అని ఒక్కమాట అంటాడేమోనని, తిన్నంతసేపూ ఎదురు చూశా. అన్లేదు. చెడ్డోడు కాదురా మీ నాన్న. ఆయనకి తోచలేదు, అంతే. పోయేదాకా తోచలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా, ఆ పూట గుర్తొస్తే నాకిక్కడ..." గుండె మీద చెయ్యి వేసుకుని ఆగిపోయింది.

కోటేష్‌కి ఆ దండ గుర్తుంది. మర్నాడు బళ్లో "మా నాన్న పండించాడు" అని అందరికీ చెప్పుకోవడం గుర్తుంది. ఆ రోజు అమ్మ ఎక్కడుందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

లేచి వెళ్లి ముందుగది తలుపు తీశాడు. దుర్గ పని చేసుకుంటోంది, తల తిప్పలేదు. ఆమె ముందే సిలార్ గారికి ఫోన్ కలిపాడు.

"పొద్దున నేను చెప్పింది తప్పండీ. పదిరోజుల్లో అవదు. అసలు నాకీ పని రాదు. చేసేది మా ఆవిడ, లక్ష్మీదుర్గ. వ్యాపారం కూడా ఆవిడదే. నేను ఫోన్లు చూసుకుంటానంతే."

సిలార్ గారు నిలదీశారు.

"మరి పొద్దున అట్లా చెప్పారేందండీ?"

"గొప్పకి చెప్పానండీ."

"బాగానే ఉంది! నెలాఖరుకి నాకు బయటిదేశం బేరగాళ్లు వస్తున్నారయ్యా." విసుగ్గా అని, ఆగి, "సరే, ఫోన్ ఆవిడకివ్వండి" అన్నాడాయన.

దుర్గ ఫోన్ అందుకుంది. "నమస్తే అండీ. మీ బేరగాళ్లు ముందుగా ఏం చూడాలనుకుంటారు?" అని అడిగింది. వారం రోజుల్లో కోటేష్‌కి ఒక్కసారీ తట్టని ప్రశ్న అది. ఆయన చెబుతున్నకొద్దీ కాగితం మీద రాసుకుంది. కాయ రకాలు, కారం ఎంత, పరీక్ష రిపోర్టులు, గోడౌను ఫొటోలు. "అయితే ఇవి ఇంగ్లీషులో నాలుగు పేజీలు ముందు ఇచ్చేస్తాను. వాళ్లకవి చాలు. మిగతా భాషలూ, ఆర్డర్లూ తర్వాత నెలలో నిదానంగా చేద్దాం" అంది.

కోటేష్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వింటూ ఉండిపోయాడు. రెండేళ్లుగా ఒకే కప్పు కింద పనిచేస్తూ, ఆమె పని గురించి ఆమె నోటి నుంచి ఇంతసేపు వినడం ఇదే మొదలు.

దుర్గ ఫోన్ పెట్టేసింది. "ఒప్పుకున్నారు. మీ మాట మరీ పోనివ్వలేదులెండి. మీరన్న పదిరోజుల మీద రెండు రోజులే ఎక్కువ అడిగాను."

కోటేష్ నవ్వబోయాడు. ఏడుపొచ్చింది.