చెప్పింది తిరిగి చెప్పాలి

మేడం నన్ను క్లాసులోంచి బయటికి పొమ్మన్నారు. అప్పటికి ఆమె నాకు మేడమే కాబట్టి 'అన్నారు' అనే రాస్తున్నాను. కర్త ఎవరో చూసుకుని క్రియ రాయాలని నేర్పింది ఆవిడే మరి.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. సూపర్‌వైజర్ పరీక్షలో మిగతా పేపర్లన్నీ గట్టెక్కి, ఇంగ్లీషులో రెండుసార్లు బోల్తా పడ్డాను. మూడోసారే ఆఖరి అవకాశం. అదీ పోతే జన్మంతా లిఫ్ట్ కింది గుంటలో స్పానర్ పట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే టైలరింగ్ షాపు మీది గదిలో, సాయంత్రం ఆరింటికి జరిగే గ్రామర్ క్లాసులో చేరాను.

ఆరు వారాలు బాగానే నడిచింది. బాగానే ఏమిటి, నేను అరగంట ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాణ్ణి.

"'వాళ్ళు వచ్చాడు' అని ఎప్పుడైనా అన్నారా మీరు? అనరు. చెవి ఒప్పుకోదు. ఇంగ్లీషుకీ అలాంటి చెవి తెచ్చుకోవాలి, అంతే," అనేవారు మేడం.

చెప్తూ చెప్తూ ఒక్కోసారి మాట దగ్గర తడబడేవారు. కొత్తవాళ్ళు ఎవరైనా ఎదురుగా ఉంటే అది ఎక్కువయ్యేది. అప్పుడు బోర్డు వైపు తిరిగి సుద్దముక్కతో ఊరికే ఒక గీత గీసేవారు. ఆ గీతలంటే నాకు ఎందుకో చాలా ఇష్టం.

ఆ రోజు ఇన్‌స్టిట్యూట్ ఓనరు క్లాసు చూడ్డానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. మేడం మొదటిసారి నన్ను లేపి, "వన్ ఆఫ్ ద లిఫ్ట్స్ ఈ… ఈజ్ నాట్ వర్కింగ్," అన్నారు.

"వన్ ఆఫ్ ద లిఫ్ట్స్ ఈ… ఈజ్ నాట్ వర్కింగ్," అన్నాను గట్టిగా, విన్నది విన్నట్టు.

క్లాసంతా గొల్లుమంది. ఓనరు కూడా నవ్వాడు. మేడం మొహం ఎర్రబడింది.

"నన్ను వెక్కిరిస్తున్నారా?"

"నన్ను వెక్కిరిస్తున్నారా," అన్నాను. పాడు అలవాటు! నాలుక కరుచుకునేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

"బయటికి వెళ్ళండి. మళ్ళీ రావద్దు."

ఇది మాత్రం తిరిగి చెప్పలేదు. పరీక్షకి ఇంకా పది రోజులే ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత ఒక ఆఫీసు బిల్డింగులో పని. నేను అడుగున గుంటలో ఉన్నాను. మామయ్య మొదటి అంతస్తులో ఆపిన లిఫ్ట్ కప్పు మీద బటన్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. మామయ్యంటే మా అమ్మ తమ్ముడు, నాకు ఈ పని నేర్పినవాడు. బయట ఒకటే వాన.

ఉన్నట్టుండి నా నెత్తిన చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడ్డాయి. గుంట పైన, తెరిచి ఉన్న లిఫ్ట్ తలుపు దగ్గర ఎవరిదో గొడుగు.

"మెకానిక్ ఒకాయన… క్లాసులో పుస్తకం మర్చిపోయారు. ఇద్దామని మీ కంపెనీలో అడిగి వచ్చాను."

ఆ గొంతు మేడందే.

"పని మధ్యలో ఉన్నామమ్మా, ఒక్క నిమిషం ఆగు," అన్నాడు మామయ్య.

"పైకి ఒక్క అడుగు!" అని అరిచాను.

"పైకి ఒక్క అడుగు!" అని తిరిగి అరిచి, మామయ్య బటన్ నొక్కాడు.

"ఆపు!"

"ఆపు!"

"ఆయన అన్నదే మీరు మళ్ళీ ఎందుకు అంటున్నారు?" అని అడిగారు మేడం.

"చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పందే లిఫ్ట్ కదలకూడదమ్మా. ఒకసారి నేను చెప్పింది పైవాడు తిరిగి చెప్పకుండానే బటన్ నొక్కేశాడు. నా రెండు వేళ్ళు పోయాయి. అప్పుడు పక్కనే ఉన్నాడు మావాడు. వాళ్ళమ్మ ఉప్పు తెమ్మన్నా సరే, 'ఉప్పు తెమ్మన్నావు' అని గానీ ఇల్లు కదలడు."

తర్వాత గొడుగు ముందుకు వంగింది. ఈసారి నీళ్ళు నేరుగా నా కంట్లో పడ్డాయి.

"కింద ఉన్నారా?"

"ఉన్నాను, మేడం."

"నేను తప్పుగా అనుకున్నాను. చిన్నప్పట్నుంచీ అందరూ నా మాటని అలాగే తిరిగి అని న… నవ్వేవారు. మీరూ అంతే అనుకున్నాను."

"మీరు చెప్పేదాంట్లో ఒక్క ముక్క కూడా పోకూడదని అన్నాను, మేడం. అంతే."

"రేపట్నుంచి క్లాసుకి రండి."

"వస్తాను, మేడం!"

"ఒరేయ్, చెప్పింది చెప్పినట్టు!" అని గదిమాడు మామయ్య.

"రేపట్నుంచి క్లాసుకి రండి," అన్నాను బుద్ధిగా. పైన మేడం పకపకా నవ్వారు. ఆ నవ్వు వింటూ ఎంతసేపు తడిశానో నాకే తెలియదు.

మర్నాటి నుంచి క్లాసులో అందరిచేతా వాక్యాలు పైకి తిరిగి చెప్పించారు. ఎవరూ నవ్వలేదు. 'బాక్స్ ఆఫ్ టూల్స్' దగ్గర 'ఈజ్' ఎందుకు రావాలో నా బుర్రకెక్కకపోతే, "డబ్బాలో ఎన్ని పనిముట్లున్నా మీరు భుజాన మోసేది ఒక్క డబ్బానే కదా?" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ తప్పు రాయలేదు.

పరీక్ష రాశాను. నెల గడిచింది. మళ్ళీ ఒక గుంటలో ఉండగా పైనుంచి రొప్పుతున్న మేడం గొంతు వినిపించింది.

"పాసయ్యారు!"

"పాసయ్యారు!" అని అరిచాను, నిబంధన ప్రకారం.

"ఇంగ్లీషులో డెబ్బై రెండు!"

"ఇంగ్లీషులో డెబ్బై రెండు!"

మామయ్య ఊరికే దగ్గాడు.

"ఇంకొకటి కూడా ఉంది," అన్నారు మేడం. "నా… నాకు మీరంటే ఇష్టం."

చేతిలో ఉన్న స్పానర్ కోసమే గుంటంతా వెతకడం మొదలుపెట్టాను.

"ఒరేయ్, తిరిగి చెప్పకపోతే లిఫ్ట్ కదలదు. నాకు అవతల ఆకలేస్తోంది. మీ అమ్మకి కబురు కూడా చెప్పాలి!" అన్నాడు మామయ్య.

"నా… నా… నాకు మీరంటే ఇష్టం," అన్నాను.

"నా తడబాటుతో సహా చెప్పాలా?" గొంతులో కోపం ఉన్నట్టే ఉంది గానీ, లేదు.

"మీరు తడబడింది ఒక్కసారే, మేడం. ఆ రెండోది నాదే."

గుంటలోకి తొంగి చూసి, "పైకి రా," అంది ఆమె.

నా ఉద్యోగంలో మొదటిసారి, చెప్పింది తిరిగి చెప్పకుండానే నిచ్చెన ఎక్కేశాను.